అవ్వ ఇంటితో పోల్చాలి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు పల్లెల్లో ఇంటాయన పోతే, దినాలు ముగియకముందే వాకిట్లో ఒక మాట వినిపిస్తుంది: "పిల్లోల్ని హాస్టల్లో ఏసేస్తే సరిపోతాది కదా, మూడు పూటలా తింటారు." అనేవాళ్లు పిల్లల మేలు కోరేవాళ్లే. మేనమామ అంటాడు, పక్కింటి పెద్దమ్మ అంటుంది, బడి అయ్యవారు అంటాడు. తల్లి కళ్లు తుడుచుకుని సరేనంటుంది. చెనక్కాయ పంట ఎండిపోయిన ఏడాది, మగ్గానికి పని రాని ఏడాది, కూలికి బెంగళూరు బస్సెక్కక తప్పని ఏడాది ఆ 'సరే' ఇంకాస్త తొందరగా వస్తుంది.

హాస్టల్ అంటే మనవాళ్ల దృష్టిలో సాంఘిక సంక్షేమ వసతి గృహం కావచ్చు, గురుకులం కావచ్చు, ఆడపిల్లల బాలసదనం కావచ్చు, ఏదో ఒక ట్రస్టు నడిపే ఆశ్రమం కావచ్చు. చట్టం వీటిని వేర్వేరుగా చూస్తుంది. కన్నవాళ్ల దగ్గర పెరిగే వీలు లేని పిల్లలకోసం నమోదైన బాలల గృహాలను 2015 నాటి బాలల న్యాయ చట్టం ఒకపక్క పెట్టింది. మరోపక్క, కన్నవాళ్లు కాని ఒక కుటుంబం కొంతకాలంపాటు బిడ్డను సాకే పద్ధతిని పెట్టింది. దాన్నే ఫాస్టర్ కేర్ అంటున్నారు. ఇది దత్తత కాదు. బిడ్డ ఇంటిపేరు మారదు, ఆస్తి హక్కు రాదు, పరిస్థితులు కుదుటపడితే బిడ్డ తన ఇంటికి తిరిగి వెళ్లవచ్చు. ఈ రెండు పద్ధతుల్లో పిల్లలు ఎలా ఎదుగుతున్నారో శాస్త్రజ్ఞులు ఎనభై ఏళ్లుగా చూస్తున్నారు. వాళ్లకు తేలిన సంగతులు గట్టివి. వాటిని మన జిల్లాకు తెచ్చుకునేటప్పుడు మాత్రం ఎవరిని ఎవరితో పోల్చారో చూసుకోవాలి.

ముందు మన గృహాల్లో ఎవరున్నారో చూద్దాం. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దేశమంతటా ఉన్న బాలల సంరక్షణ సంస్థల లెక్క తీయించి 2018లో నివేదిక బయటపెట్టింది. సుమారు 9,500 సంస్థలు, మూడున్నర లక్షలకు పైగా పిల్లలు లెక్కకు వచ్చారు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయినవాళ్లకంటే ఒకరైనా బతికి ఉన్నవాళ్లే అందులో ఎక్కువ. 2020 సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు లేఖ రాసి, సంస్థల్లోని పిల్లల్ని వీలైనంతవరకు వంద రోజుల్లో కుటుంబాలకు చేర్చమంది. దేశంలో సంస్థల్లో పెరుగుతున్న పిల్లల్లో 70 శాతానికి పైగా ఆ ఎనిమిది రాష్ట్రాల్లోనే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. అంటే మన గృహాల్లో ఉన్నది చాలావరకు అమ్మో నాన్నో ఉన్న పేదవాళ్ల పిల్లలు.

ఇక శాస్త్రం సంగతి. 1945లో రెనే స్పిట్జ్ అనే వైద్యుడు రెండు చోట్ల పెరుగుతున్న పసివాళ్లను పోల్చి చూశాడు. ఒకటి శుభ్రమైన అనాథ శిశుగృహం. అక్కడ ఒక్కో నర్సు ఎనిమిదిమంది బిడ్డల్ని చూసుకోవాలి. రెండోది ఆడవాళ్ల జైలు. అక్కడ శిక్ష పడిన తల్లులే తమ బిడ్డల్ని పెంచుకుంటున్నారు. రెండేళ్లు తిరిగేసరికి శిశుగృహంలోని 91 మందిలో 34 మంది చనిపోయారు. జైల్లో బిడ్డలు బతికారు, ఎదిగారు. ఆ తర్వాత జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో, తిండి, శుభ్రతతోపాటు బిడ్డకు నిలకడగా ఒక మనిషి కావాలని వాదించాడు. స్పిట్జ్ పద్ధతిలో లోపాలున్నాయి. శిశుగృహానికి వచ్చిన బిడ్డలు మొదటినుంచే బలహీనులేమో అని ఎవరైనా అడగవచ్చు. అలా అడగడం న్యాయమే.

ఆ అనుమానాన్ని తీర్చిన పని రొమేనియాలో జరిగింది. ఆ దేశాన్ని ఏలిన చౌషెస్కూ జనాభా పెంచాలని 1966లో గర్భస్రావాన్ని నిషేధించాడు. సాకలేని కుటుంబాలు బిడ్డల్ని ప్రభుత్వ గృహాలకు అప్పజెప్పాయి. 1989 డిసెంబరులో అతని పాలన కూలేనాటికి దాదాపు లక్షా డెబ్బై వేలమంది పిల్లలు ఆ గృహాల్లో ఉన్నారు. ఛార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, ఛార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులు 2000 ప్రాంతంలో రాజధాని బుకారెస్టుకు వెళ్లారు. ఆరు గృహాల నుంచి ఆరు నెలలు మొదలు 31 నెలల లోపు వయసున్న 136 మందిని ఎంచుకున్నారు. చీటీ తీసినట్టు వాళ్లను రెండు జట్లు చేశారు. 68 మంది కుటుంబాలకు వెళ్లారు, 68 మంది ఉన్నచోటే ఉన్నారు. ఎవరు ఏ జట్టులో పడాలన్నది అదృష్టమే నిర్ణయించింది కాబట్టి బలహీనులు ఒకవైపే చేరే అవకాశం లేదు. అప్పటికి బుకారెస్టులో సాకే కుటుంబాలు దాదాపు లేవు. ఈ బృందమే 56 కుటుంబాలను వెతికి, శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి నిలబెట్టింది. ఇళ్లకు వెళ్లి తోడుండే సోషల్ వర్కర్లను పెట్టింది. ఈ చివరి సంగతి మనకు ముందుముందు కావాలి.

పిల్లల్ని ఇలా పంచడం తగునా అన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. గృహంలో మిగిలినవాళ్లకు తర్వాత కుటుంబం దొరికితే ఆపకూడదని, కుటుంబానికి వెళ్లిన ఏ బిడ్డనూ పరిశోధనకోసం వెనక్కి పంపకూడదని వాళ్లు కట్టడి పెట్టుకున్నారు. అయినా నాకు ఆ అంకెలు చదివినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది. రెండో జట్టులో 68 మంది ఉన్నారని మరవలేను.

నాలుగున్నరేళ్ల వయసులో తెలివి పరీక్ష పెడితే, ఎన్నడూ గృహం ముఖం చూడని బుకారెస్టు పిల్లల సగటు 109. కుటుంబాలకు వెళ్లినవాళ్లది 81. గృహంలో ఉండిపోయినవాళ్లది 73. కుటుంబం మేలు చేసింది, కానీ పోయిందంతా తిరిగి రాలేదు. అంతకు ఏడాది ముందు పెట్టిన పరీక్షలో మరో సంగతి కనిపించింది. పద్దెనిమిది నెలల లోపు కుటుంబానికి వెళ్లినవాళ్ల సగటు 94 దాకా వచ్చింది. రెండున్నరేళ్లు దాటాక వెళ్లినవాళ్లది 80 దగ్గర ఆగింది. మెదడులోని విద్యుత్ తరంగాలు కొలిచినా అదే తీరు: రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు ఎనిమిదేళ్లు వచ్చేసరికి మామూలు పిల్లల దరిదాపుల్లోకి వచ్చారు, ఆలస్యంగా వెళ్లినవాళ్లు రాలేదు. చెనక్కాయ వేసే రైతుకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. అదును దాటాక పడ్డ వాన కూడా వానే, కానీ ఆ పంటకు అందదు.

ఎందుకిలా? పసిబిడ్డ ఏడుస్తుంది. ఇంట్లో అయితే ఎవరో ఒకరు "ఏమ్మా, ఏమైందమ్మా" అంటూ వస్తారు. ఎత్తుకుంటారు. బిడ్డ ఆ ముఖాన్ని చూస్తుంది, ఊ కొడుతుంది. వాళ్లు తిరిగి ఊ కొడతారు. రోజుకు కొన్ని వందలసార్లు జరిగే ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే మాట పుడుతుంది, నమ్మకం పుడుతుంది, ఒక పనిమీద నిలిచే ధ్యాస పుడుతుంది. పన్నెండుమంది పసివాళ్లకు ఒక ఆయా ఉన్న గదిని ఊహించండి. ఆమె మంచిదే. కానీ ఒకరికి పాలు పట్టేసరికి నలుగురు తడిపి ఉంటారు. ఎనిమిది గంటలకు ఆమె డ్యూటీ దిగిపోతే మరొకామె వస్తుంది. ఏడుపుకీ మనిషి రావడానికీ సంబంధం లేదని కొన్ని వారాల్లోనే బిడ్డకు తెలిసిపోతుంది. అందుకే ఆ గదులు నిశ్శబ్దంగా ఉంటాయి. చూడవచ్చినవాళ్లు పిల్లలు ఎంత బుద్ధిగా ఉన్నారో అని మెచ్చుకుంటారు. శరీరం కూడా లెక్క రాసుకుంటుంది. గృహాల్లో పెరిగిన పిల్లల్ని పరీక్షించిన వైద్యులు, అక్కడ గడిపిన ప్రతి మూడు నెలలకు సుమారు ఒక నెల ఎదుగుదల ఎత్తులో తగ్గుతోందని గమనించారు. తిండి ఉన్నచోట కూడా ఇది జరుగుతుంది.

పగలు ప్రేమగా చూసుకున్నా రాత్రి ఎవరూ లేకపోతే? ఇజ్రాయెల్‌లోని కిబ్బుట్జ్ గ్రామాల్లో పసివాళ్లను ఒకప్పుడు ఇంట్లో కాక ఉమ్మడి గదిలో పడుకోబెట్టేవారు. అమ్మానాన్నలు ఉన్నారు, సాయంత్రాలు వాళ్లతోనే గడిచేవి, చదువుకున్న ఆయాలు ఉన్నారు. రాత్రి కాపలా మాత్రం వంతులవారీగా మారే ఆడవాళ్లది. 1994లో వెలువడిన పరిశీలనలో, ఇంట్లో పడుకునే కిబ్బుట్జ్ బిడ్డల్లో 80 శాతం మందికి తల్లితో స్థిరమైన అనుబంధం కనిపిస్తే, ఉమ్మడి గదిలో పడుకునేవాళ్లలో 48 శాతం మందికే కనిపించింది. ఆ పద్ధతిని తర్వాత వాళ్లే మానుకున్నారు.

ఇంతవరకు చదివినవాళ్లు, గృహాలన్నీ మూసేసి పిల్లల్ని ఇళ్లకు పంపాలని అనుకోవచ్చు. పంపేముందు హైదరాబాద్ లెక్క చూడాలి.

డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన కేథ్రిన్ వెటెన్ బృందం ఐదు దేశాల్లో ఆరు చోట్ల పిల్లల్ని పరిశీలించింది. ఆ ఆరింటిలో హైదరాబాద్ ఒకటి, నాగాలాండ్ ఒకటి. మిగతావి కంబోడియా, ఇథియోపియా, కెన్యా, టాంజానియాల్లో ఉన్నాయి. ఆరు నుంచి పన్నెండేళ్ల వయసులో, కన్నవాళ్లలో ఒకరిని గానీ ఇద్దరిని గానీ పోగొట్టుకున్నవాళ్లు, లేదా వాళ్లకు దూరమైనవాళ్లు వీళ్లంతా. 1,357 మంది సంస్థల్లో, 1,480 మంది ఊళ్లో కుటుంబాల్లో ఉంటున్నారు. 2009లో అచ్చయిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఆరోగ్యంలో, చదువులో, మనసు కుదురులో సంస్థల పిల్లలు కుటుంబాల్లోని పిల్లలకంటే వెనకబడలేదు. పిల్లల మధ్య కనిపించిన తేడాల్లో, సంస్థలో ఉన్నారా ఇంట్లో ఉన్నారా అన్నది వివరించగలిగింది ఏడు శాతానికి మించలేదు. ఒక సంస్థకూ మరో సంస్థకూ, ఒక ఇంటికీ మరో ఇంటికీ ఉన్న తేడాయే ఎక్కువ. అదే బృందం తర్వాత పిల్లలు పడుతున్న బాధల్ని కూడా అడిగింది. ఏడాదిలో కొట్టడమో లైంగిక వేధింపో ఎదుర్కొన్నవాళ్లు సంస్థల్లో 13 శాతం, కుటుంబాల్లో 19 శాతం.

బుకారెస్టు ఒకటి చెప్తే హైదరాబాద్ ఇంకొకటి చెప్పిందా? నేను చాలాసార్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. చూసేకొద్దీ రెండూ నిజమే అనిపిస్తుంది. బుకారెస్టు పిల్లలు చంకబిడ్డలు, హైదరాబాద్ పిల్లలు బడికెళ్లే వయసువాళ్లు. బుకారెస్టులో ఆయాలు మారుతూ ఉండే పెద్ద గృహాలు. వెటెన్ బృందం చూసిన వాటిలో చాలావరకు ఆ ప్రాంతపువాళ్లే మొదలుపెట్టి నడుపుకుంటున్నవి. అన్నిటికంటే ముఖ్యమైన తేడా అవతలి పక్షంలో ఉంది. బుకారెస్టులో గృహాన్ని పోల్చింది ఎంచి, శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి, వెనక మనిషి తోడున్న కుటుంబంతో. హైదరాబాద్‌లో పోల్చింది ఎవరి సాయమూ అందని అవ్వ ఇంటితో, చిన్నాయన ఇంటితో, అప్పటికే నలుగురు పిల్లలున్న మేనత్త ఇంటితో. సాయం అందిన ఇల్లు గృహంకంటే మేలు చేసింది. ఒంటరిగా వదిలేసిన పేద ఇల్లు గృహంతో సమానంగానే నిలిచింది. అదీ ఏ సాయమూ లేకుండా నిలిచింది. హైదరాబాద్ లెక్కలో నాకు ఎక్కువగా కనబడేది ఈ రెండో సంగతే.

మన వైపు ఈ చర్చ వస్తే ఎవరో ఒకరు కొడిగెనహళ్లి పేరు ఎత్తుతారు. హిందూపురం పక్కన పరిగి మండలంలో 1972లో పెట్టిన ఆ రెసిడెన్షియల్ స్కూలు ఎందరో పల్లె పిల్లల్ని డాక్టర్లనీ ఇంజినీర్లనీ అధికారులనీ చేసింది. "వాళ్లందరూ హాస్టల్లో పెరిగినోళ్లే కదా?" అంటారు. పెరిగినవాళ్లే. కానీ వాళ్లు ప్రవేశ పరీక్ష రాసి, వేలమందిలో ఎంపికై వెళ్లినవాళ్లు. పదేళ్ల దాకా ఇంట్లో పెరిగాకే వెళ్లారు. దసరాకూ సంక్రాంతికీ ట్రంకు పెట్టె పట్టుకుని ఇంటికి వచ్చారు. జ్వరమొస్తే కబురందుకుని వచ్చే నాన్న ఉన్నాడు. చదువుకోసం ఇల్లు విడిచి ఉండటం వేరు, ఇల్లే లేక ఉండటం వేరు. ఎంపికై వచ్చిన గుంపును ఎంపిక లేని గుంపుతో పోల్చితే ఏ లెక్కా నిలవదు. బుకారెస్టువాళ్లు చీటీ తీసింది ఈ పొరపాటు జరగకూడదనే.

పదమూడు దాటిన పిల్లల విషయం మళ్లీ వేరు. ధర్మవరం లాంటి రైల్వే జంక్షన్లలో ఇల్లు విడిచి వచ్చిన కుర్రాళ్లు రైల్వే పోలీసుల కంటపడతారు. రైల్వే రక్షక దళం 2018 నుంచి 'నన్హే ఫరిష్తే' పేరుతో ఇలాంటి పిల్లల్ని గుర్తించి బాలల సంక్షేమ కమిటీకి అప్పజెబుతోంది. ఆ కుర్రాడికి ఏం కావాలి? అమెరికాలోని ఒరెగాన్‌లో ప్యాట్రీషియా ఛాంబర్లేన్ 1998లో ప్రకటించిన పరిశోధనలో, నేరాల్లో పదేపదే పట్టుబడ్డ 12 నుంచి 17 ఏళ్ల 79 మంది కుర్రాళ్లను చీటీ పద్ధతిలోనే పంచారు. కొందరు ఒకరొకరుగా శిక్షణ పొందిన కుటుంబాలకు వెళ్లారు, మిగతావాళ్లు తమలాంటి కుర్రాళ్లతోపాటు గ్రూపు హోములకు వెళ్లారు. ఏడాది తిరిగాక చూస్తే కుటుంబాలకు వెళ్లినవాళ్ల నేరాలు, హోములవాళ్ల నేరాల్లో సగానికి అటూ ఇటూగా ఉన్నాయి. లాస్ ఏంజెలిస్‌లో 2008లో ఒకే రకం నేపథ్యమున్న పిల్లల్ని జతలుగా ఎంచి చూసినా, గ్రూపు హోముకు వెళ్లినవాళ్లు నేరంలో పట్టుబడే ప్రమాదం ఫాస్టర్ ఇంటికి వెళ్లినవాళ్లకంటే రెండున్నర రెట్లు కనిపించింది.

కారణాన్ని థామస్ డిషియన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కుర్రాళ్ల మాటలు రికార్డు చేసి పట్టుకున్నాడు. గోడ దూకిన సంగతి ఒకడు చెబుతాడు, మిగతావాళ్లు పగలబడి నవ్వుతారు. లెక్కల్లో మార్కులొచ్చాయని ఇంకొకడు చెబుతాడు, ఎవరూ పట్టించుకోరు. వార్డెను వారానికోసారి చెప్పే నీతి ఎంతైనా, రోజూ రాత్రి పదిమంది నవ్వు ముందు నిలవదు. పదిహేనేళ్లవాడికి ఆ నవ్వే బహుమతి. ఒక ఇంట్లో ఒక్కడే ఉంటే ఆ బహుమతి ఇచ్చేవాళ్లు ఉండరు.

అలాగని ఫాస్టర్ ఇల్లు దానంతటదే మందు కాదు. శాన్ డియేగోలో 415 మందిని గమనించిన పరిశీలన ఒకటి ఉంది. మొదట ఏ సమస్యా లేకుండా వచ్చిన పిల్లలు కూడా ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మారేకొద్దీ మొండిగా, కోపంగా, ముభావంగా తయారయ్యారు. నాలుగు ఇళ్లు తిప్పే ఫాస్టర్ కేర్‌కంటే, పదేళ్లుగా ఒకే ఆయమ్మ ఉన్న చిన్న గృహమే ఆ బిడ్డకు ఇల్లు. ఎస్ఓఎస్ పిల్లల గ్రామాలు మొదలైంది ఈ ఆలోచనతోనే. 1949లో ఆస్ట్రియాలో పుట్టిన ఆ పద్ధతిలో ఒక్కో ఇంటికి ఒక్కో అమ్మ, ఆమె దగ్గర కొద్దిమంది పిల్లలు. విశాఖపట్నం, హైదరాబాద్‌లలో కూడా అవి ఉన్నాయి. మన నిబంధనలు గ్రూపు ఫాస్టర్ కేర్ పేరుతో ఎనిమిదిమందికి మించని చిన్న ఇళ్లకు చోటిచ్చాయి. బిడ్డను రోజూ పొద్దున లేపేది ఎవరు, ఏడాది తర్వాత కూడా ఆ మనిషే ఉంటుందా అన్నది బోర్డు మీది పేరుకంటే ముఖ్యం.

ఇక మన లెక్క. ధర్మవరంలో ఒక మగ్గం ఇల్లు అనుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఏ వీధిలోనైనా ఉండగలిగినది. ఒకే గది, అందులో సగం గుంత మగ్గం. కూతురు జబ్బుతో పోయింది, అల్లుడు పనికని పోయి తిరిగి రాలేదు. అవ్వ దగ్గర పదకొండేళ్ల మనవరాలు, నాలుగేళ్ల మనవడు. అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. చూపు తగ్గింది కాబట్టి దారం తెగితే ముడి వేయడానికి మనవరాలిని పిలుస్తుంది. 2024 జులై నుంచి వితంతు పింఛను 4,000 రూపాయలు. చిన్నోడు అంగన్‌వాడీలో తింటాడు, పిల్ల బడిలో మధ్యాహ్నం తింటుంది. అద్దె, మందులు, రాత్రి తిండి పింఛనులోంచే రావాలి. కండెల పని ఎక్కువైన రోజు పిల్ల బడి మానేస్తుంది. బంధువులు చెప్పేది మొదటి పేరాలోని మాటే.

ఆ ఇంటికి చట్టంలో ఉన్న దారి స్పాన్సర్‌షిప్. మిషన్ వాత్సల్య కింద భర్త లేని తల్లి దగ్గరో, బంధువుల దగ్గరో ఉంటున్న పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇవ్వవచ్చు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతాచోట్ల 96,000 దాటకూడదు. ఇద్దరు పిల్లలకు ఎనిమిది వేలు. అవ్వ పింఛనుకు అది తోడైతే మనవరాలు కండెలకోసం బడి మానాల్సిన అవసరం చాలావరకు తగ్గుతుంది. బిడ్డను పరాయి కుటుంబానికి ఫాస్టర్ కేర్‌కు ఇచ్చినా ఇదే నాలుగు వేలు. సంస్థలో ఉంచడాన్ని చివరి దారిగానే చూడాలని 2015 చట్టం మొదట్లోనే సూత్రంగా చెప్పింది. నా మాట ఒక్కటే: బిడ్డను గడప దాటించే ముందు ఆ డబ్బు ఆ గడపకు చేరాలి. పిల్లల్ని హాస్టల్లో వేశాక తల్లికి సాయం చేయడం తిరగేసిన వరుస.

ఇది మనకు కొత్తేమీ కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్, అన్నే ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ, దశాబ్దాలపాటు స్పెయిన్ దాతల స్పాన్సర్‌షిప్ డబ్బుతోనే ఈ కరువు నేలలో పనిచేసింది. దాత వేల మైళ్ల దూరంలో ఉంటాడు. పిల్లవాడు తన ఊళ్లో, తన ఇంట్లోనే ఉండి చదువుకుంటాడు.

డబ్బు ఒక్కటే సరిపోదని బుకారెస్టు చెప్పింది. అక్కడ ఇంటికి వచ్చి కూర్చుని, బిడ్డ ఎందుకు మాట్లాడటం లేదో, రాత్రి ఎందుకు ఉలిక్కిపడుతోందో అడిగే సోషల్ వర్కర్ ఉంది. మన దగ్గర ఆ పని జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌ది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డ శ్రీ సత్యసాయి జిల్లాలో కేంద్రం పుట్టపర్తి. అక్కణ్నుంచి లేపాక్షి పల్లెలకో, కర్ణాటక అంచున రొళ్ల మండలానికో ఒక మనిషి నెలనెలా వెళ్లి చూడాలంటే పూట గడిచిపోతుంది. అందుకే ఊళ్లోనే ఉండే అంగన్‌వాడీ టీచరు, సచివాలయం మహిళా పోలీసు, బడి పంతులమ్మ ఈ పనిలోకి రావాలి. బిడ్డ బడికి రాని మూడో రోజు ఇంటికి వెళ్లేది వాళ్లే కావాలి. ఆ మనిషి లేకపోతే నాలుగు వేలు తీసుకుని పిల్లను ఇంటి చాకిరీకి పెట్టుకునే బంధువునూ పట్టుకోలేం, ప్రాణం పెట్టి సాకుతున్న అవ్వ కష్టాన్నీ తెలుసుకోలేం.

కొందరు పిల్లలకు గృహమే మేలైన సందర్భాలూ ఉంటాయి. ధర్మవరం పక్కన బత్తలపల్లిలోని ఆర్డీటీ ఆసుపత్రి ఏళ్లుగా హెచ్ఐవీ ఉన్నవాళ్లకు వైద్యం చేస్తోంది. తల్లిదండ్రులు ఆ జబ్బుతో పోయి, తనకూ అది ఉన్న బిడ్డ రోజూ వేళ తప్పకుండా మాత్రలు వేసుకోవాలి. చుట్టాలు వేరే కంచం పెట్టే ఇంట్లో ఆ బిడ్డ మాత్ర దాచుకుని మింగుతుంది, ఒక్కోరోజు మింగదు. పదిమంది ఒకేసారి మాత్ర వేసుకునే చిన్న గృహంలో దాచాల్సిన పని లేదు. సొంత ఇంట్లోనే లైంగిక హింసకు గురైన పిల్లకు కూడా, ముందు ఆ ఇంటి నుంచి దూరంగా తలుపు గడియ పడే చోటు కావాలి.

ఫాస్టర్ కుటుంబాల సంగతికి వస్తే, 2024లో సవరించిన మార్గదర్శకాలు పెళ్లి కాని వాళ్లకూ, భర్తో భార్యో పోయినవాళ్లకూ కూడా ఈ అవకాశం ఇచ్చాయి. ఆరేళ్లు దాటిన పిల్లల్ని ఇలా సాకడానికి ఇస్తారు. రెండేళ్లు సాకాక, బిడ్డ దత్తతకు వీలైన స్థితిలో ఉంటే వాళ్లే దత్తత తీసుకోవచ్చు. ఇంతకుముందు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక బయటి ఊళ్లనుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. హిందూపురంలో పిల్లలు పెద్దవాళ్లై బెంగళూరు వెళ్లిపోయిన రిటైర్డ్ టీచర్ల ఇళ్లున్నాయి. వాళ్లలో చాలామందికి ఇలాంటిదొకటి ఉందనే తెలియదు. తెలిసినవాళ్లను ఆపేది ఒకే భయం: "మనసు పెట్టి సాకినాక తీసుకుపోతే ఎట్ల?" ఆ భయం నిజమైనదే. కానీ మన ఇళ్లలో చెల్లెలి కొడుకును చదువుకోసం ఐదేళ్లు పెట్టుకుని పంపించడం కొత్త కాదు. పంపిన రోజు ఏడ్చిన పెద్దమ్మలు మన చుట్టూ ఉన్నారు. వాళ్ల ఇంట్లో తిన్న అన్నంతోనే ఈ జిల్లాలో చాలామంది చదువుకున్నారు.

ఎక్కువగా నష్టం జరుగుతున్నదీ, అప్పటికప్పుడే సరిచేయగలిగినదీ ఒకటుంది: అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ల విషయం. మగపిల్లల గృహం వేరు, ఆడపిల్లల గృహం వేరు. కాబట్టి ఆ మగ్గం ఇంటి అవ్వ చేతకాక ఇద్దరినీ అప్పజెబితే, నాలుగేళ్ల తమ్ముడు ఒక ఊరికి, పదకొండేళ్ల అక్క ఇంకో ఊరికి పోతారు. అమ్మ పోయాక ఆ పిల్లవాడికి స్నానం చేయించిందీ, పక్కన పడుకోబెట్టుకుందీ ఆ అక్కే. బౌల్బీ చెప్పిన ఆ ఒక్క మనిషి అతని జీవితంలో ఆమె. సంస్థ నిబంధన ఆ బంధాన్ని తెంచుతుంది. కుటుంబ సంరక్షణలో తోబుట్టువులను కలిపి ఉంచాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. పిల్ల ఏమంటుందో వినాలని కూడా చట్టంలో ఉంది. అందుకని బాలల సంక్షేమ కమిటీ ముందుకు అక్కాతమ్ముళ్ల ఫైలు వచ్చినప్పుడు, ఖాళీ సీటు ఎక్కడుందని అడగడానికంటే ముందు ఇద్దర్నీ కలిపి పెట్టుకునే బంధువుల ఇల్లు, అది లేకపోతే, పిల్లల వయసు కుదిరితే, ఫాస్టర్ ఇల్లు వెతకాలి. అవ్వ ఇంటికి రావాల్సిన స్పాన్సర్‌షిప్ దరఖాస్తు ఎక్కడ ఆగిందో అదే రోజు కనుక్కోవాలి.